వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో కుంగుబాటు: సామాజిక, వ్యక్తిగత కారణాలు

తమిళనాడు ఉత్తరపు అంచున, చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న వేలూరు, గుడియాత్తం ప్రాంతానికి మన దేశంలోని మానసిక ఆరోగ్య పరిశోధనలో ప్రత్యేక స్థానం ఉంది. కుంగుబాటు ఎవరికి వస్తుంది, ఏ పరిస్థితుల్లో ముదురుతుంది అన్న ప్రశ్నలకు ఆసుపత్రి మెట్లెక్కిన రోగులను మాత్రమే చూసి జవాబు చెప్పలేం. ఊళ్ళోకి వెళ్ళాలి, ఇంటింటికీ తిరగాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను కూడా పలకరించాలి. అలా జరిగిన పని దేశంలో తక్కువ. అందులో చెప్పుకోదగిన భాగం వేలూరు పక్కనున్న కణియంబాడి బ్లాకులో జరిగింది. అక్కడ తేలిన కారణాల్లో వైద్య పుస్తకాల్లోని జబ్బుల పేర్లతోపాటు ఆకలి, చాలీచాలని ఆదాయం, కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో కూతురు పుట్టడం, అత్తతో పొసగకపోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం ఉన్నాయి.

ప్రాంతం, బతుకుతెరువు

తెలుగువాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరు వాళ్ళకు పరాయి ఊరు కాదు. 17వ శతాబ్దంలో విజయనగరపు చివరి వంశమైన అరవీటి రాజులు కొంతకాలం ఇక్కడి కోట నుంచే పాలించారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఆ తర్వాత సరిహద్దు గీశారు గానీ పెళ్ళి సంబంధాలు, సంతలు, ఆసుపత్రి ప్రయాణాలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు గుడియాత్తం చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. 2019లో పాత వేలూరు జిల్లా నుంచి రాణిపేట, తిరుపత్తూరు విడిపోయాక గుడియాత్తం వేలూరు జిల్లాలోనే ఉండిపోయింది.

పాలారులో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. సేద్యం బావుల మీద, బోర్ల మీద నడుస్తుంది. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణంబట్టుల్లో తోళ్ళ పరిశ్రమ వేలమందికి అన్నం పెట్టింది. దాని మురుగు నీళ్ళనూ పొలాలనూ పాడుచేసిన సంగతి 1996లో సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్ళింది. కౌండిన్య నది ఒడ్డునున్న గుడియాత్తానికి అగ్గిపెట్టెలు, బీడీలు, చేనేత లుంగీలు ఆధారం. ఈ పనుల్లో ఎక్కువ భాగం లెక్క ప్రకారం కూలి దొరికేవి. వెయ్యి బీడీలు చుడితే ఇంత, ఇన్ని చుట్టకపోతే ఆ పూటకు ఏమీ లేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళలో చాలామంది ఇంట్లోనే కూర్చుని పని చేస్తారు. వంట, పిల్లలు, ముసలివాళ్ళ చాకిరీ, కూలి పని అన్నీ ఒకే గదిలో, ఒకే మనిషి మీద పడతాయి. ఈ సంగతికి మళ్ళీ వద్దాం.

పరిశోధనకు వేదికైన సంస్థ క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల అది. దాని సామాజిక ఆరోగ్య విభాగం సుమారు లక్ష జనాభా ఉన్న కణియంబాడి బ్లాకులో దశాబ్దాలుగా పుట్టుకలనూ చావులనూ నమోదు చేస్తోంది. వేలూరు, గుడియాత్తం మధ్యనున్న కె.వి.కుప్పంలో 1977లో రూషా అనే గ్రామీణ ఆరోగ్య, సామాజిక విభాగం వెలిసింది. ఊళ్ళో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు గర్భవతో, ఎవరు పోయారో తెలిసి ఉండటమే ఇక్కడి పరిశోధనలకు బలం.

దిగులు ఎప్పుడు జబ్బవుతుంది

దిగులు, బెంగ అందరికీ వచ్చేవే. రోజులో ఎక్కువసేపు మనసు బరువుగా ఉండటం, ఇదివరకు ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం కనీసం రెండు వారాలు విడవకుండా ఉండి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిని, తన మీద తనకు అసహ్యం, తప్పు చేశానన్న బాధ, బతకడం ఎందుకన్న తలపు తోడైతే వైద్యులు దాన్ని కుంగుబాటు జబ్బుగా లెక్కిస్తారు. పని చేసుకోలేకపోవడం, మనుషులతో కలవలేకపోవడం దాని తీవ్రతకు కొలత.

అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే మనిషి ఈ మాటలేవీ చెప్పదు. తలనొప్పి అంటుంది, గుండెదడ అంటుంది, కాళ్ళు పీకుతున్నాయి, ఒళ్ళంతా మంటలు, అన్నం సయించడం లేదు, నిద్ర రావడం లేదు అంటుంది. రక్తపరీక్షల్లో ఏమీ కనిపించదు. బలానికి మందు, సూది, వీలైతే ఒక సెలైన్ సీసా ఇచ్చి పంపేస్తారు. మళ్ళీ నెలకు అదే మనిషి అదే వరుసలో నిలబడుతుంది. పరీక్షలకు అందని ఇలాంటి ఒంటి బాధలతో తమిళనాడులోని ఒక ప్రాథమిక వైద్యశాలకు వచ్చినవాళ్ళు తమ బాధకు ఏ కారణం చెప్పుకుంటున్నారో వేలూరు మానసిక వైద్యులు ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఆ ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. ఒంటి బాధ అబద్ధం కాదు. నొప్పి నిజమే. దాన్ని చెప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు కాబట్టి, మనసు బాధ కూడా అదే దారిన బయటికొస్తుంది. ఇంట్లో ఏం జరుగుతోందమ్మా అని అడిగే తీరిక ఉన్న వైద్యుడికే మిగిలింది తెలుస్తుంది.

దేశం లెక్కల్లో తమిళనాడు

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తమిళనాడు ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ 12లో లేవు. 34 వేలకు పైగా పెద్దలను పలకరించిన ఆ సర్వే ప్రకారం ఆ సమయానికి కుంగుబాటుతో ఉన్నవాళ్ళు 2.7 శాతం, జీవితంలో ఎప్పుడో ఒకసారి దాని బారిన పడ్డవాళ్ళు సుమారు 5 శాతం. ఆడవాళ్ళలో, 40-49 ఏళ్ళవాళ్ళలో, మహానగరాల్లో ఎక్కువ కనిపించింది. మానసిక జబ్బులున్నవాళ్ళలో వైద్యం అందనివాళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు.

ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ఆధారంగా రాష్ట్రాలవారీగా వేసిన అంచనా ప్రకారం 2017లో దేశంలో 4 కోట్ల 57 లక్షల మంది కుంగుబాటుతో ఉన్నారు. అందులో ఎక్కువ వ్యాప్తి కనిపించిన రాష్ట్రాలు తమిళనాడు, కేరళ, గోవా, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా. కుంగుబాటు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆత్మహత్యల రేటూ ఎక్కువగా ఉంది. చదువు, వైద్యం, ఆదాయాల్లో ముందున్న దక్షిణాది ఈ వరుసలోనూ ముందుండటం ఆలోచించాల్సిన విషయం. ముసలివాళ్ళ సంఖ్య పెరగడం, కుటుంబాలు చిన్నవి కావడం, చదువుతో పెరిగిన ఆశకు తగ్గ ఉద్యోగం దొరకకపోవడం ఇందులో భాగమేనని చాలామంది పరిశోధకులు భావిస్తారు. వైద్యం దగ్గరగా ఉన్నచోట జబ్బు ఎక్కువగా కంటపడుతుందన్న మాటలోనూ కొంత నిజముంది. కానీ రాష్ట్రం సగటు ఒక ఊరి సంగతి చెప్పదు. దానికి కణియంబాడి లాంటి చోట్లకే వెళ్ళాలి.

బాలింతలు

2002లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో అచ్చయిన అధ్యయనం ఈ ప్రాంతం నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా చదవాల్సినది. చంద్రన్, ప్రతాప్ తర్యన్, జయప్రకాశ్ ములియిల్, సులోచన అబ్రహాం చేశారు. చివరి నెలల్లో ఉన్న 359 మంది గర్భవతులను ముందే పలకరించి, కాన్పయ్యాక 6 నుంచి 12 వారాల మధ్య 301 మందిని మళ్ళీ కలిశారు. కాన్పు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చినవాళ్ళు 11 శాతం. తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకున్నప్పుడు కూతురు పుట్టడం, అత్తతోనూ కన్నవాళ్ళతోనూ సంబంధాలు చెడటం, కడుపుతో ఉండగా ఏదైనా పెద్ద కష్టం ఎదురవడం, కాన్పయ్యాక ఇంటి పనికి చేతిసాయం లేకపోవడం దానికి ముడిపడి కనిపించాయి.

ఈ కారణాలన్నీ ఒకే ఇంట్లో ఎలా కలిసిపోతాయో మన పల్లెలు తెలిసినవాళ్ళకు వివరించనక్కర్లేదు. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం తమిళ, తెలుగు ఇళ్ళలో ఆనవాయితీ. పథ్యం, నూనె మర్దన, పసిబిడ్డను చూసుకోవడం, పగటిపూట కునుకు అన్నీ దాంతో వస్తాయి. పుట్టింటివాళ్ళతో మాటలు లేని అమ్మాయికి, పుట్టింటికే గతిలేని అమ్మాయికి ఈ ఆసరా మొత్తం ఒక్కసారిగా పోతుంది. ఆపైన ఆడపిల్ల పుట్టిందని చూడటానికి వచ్చేవాళ్ళు ముఖం ముడుచుకుంటారు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వైపు నుంచి వచ్చే క్రోమోజోము. నింద మాత్రం తల్లి మీదికి వస్తుంది.

అదే ఏడాది గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం 270 మంది తల్లులను చూసి, కాన్పయిన 6-8 వారాలకు 23 శాతం మందిలో కుంగుబాటు ఉందని తేల్చింది. అక్కడా పేదరికం, భర్తతో పడకపోవడం, బిడ్డ ఆడపిల్ల కావడం బయటపడ్డాయి. రెండు వేర్వేరు సముద్రతీర రాష్ట్రాల్లో, వేర్వేరు భాషలు మాట్లాడే తల్లుల్లో ఒకే కారణం తేలడం కాకతాళీయం కాదు.

ఇంట్లో హింస

దేశంలో ఏడు చోట్ల 9,938 మంది ఆడవాళ్ళను అడిగి చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. దాన్ని నడిపినవాళ్ళలో వేలూరు గణాంక నిపుణుడు ఎల్.జయశీలన్ ఒకరు. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో మానసిక ఆరోగ్యం చెడే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని అది చూపింది. తాగుడును ఇక్కడ విడిగా చూడటానికి లేదు. తమిళనాడులో 2003 నుంచి మద్యం చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతుల్లో ఉంది. లెక్కకింత అని తెచ్చుకున్న కూలి సాయంత్రానికి అక్కడ ఖర్చయితే, ఇంట్లో ఆకలీ దెబ్బలూ ఒకే రోజు వస్తాయి. తాగే మగవాడు కూడా చాలాసార్లు తన కుంగుబాటును సీసాలో దాచుకుంటున్నవాడే. అతన్ని తాగుబోతు అన్న మాటతో తోసేస్తారు, జబ్బును ఎవరూ చూడరు.

ఇంట్లో కూర్చుని చేసే పని సంగతికి ఇప్పుడు వద్దాం. లండన్ కాంబర్‌వెల్ ప్రాంతంలో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ చేసి 1978లో వెలువరించిన పేరుపొందిన అధ్యయనం ఆడవాళ్ళను కుంగుబాటుకు లోను చేసే నాలుగు పరిస్థితులను చూపింది. 11 ఏళ్ళ లోపు తల్లి పోవడం, ఇంట్లో ముగ్గురు లేక ఎక్కువమంది చిన్నపిల్లలు, మనసు చెప్పుకునే దగ్గరి మనిషి లేకపోవడం, ఇంటి బయట ఉద్యోగం లేకపోవడం. బయట ఉద్యోగం కాపాడేది జీతం ఒక్కదాని వల్ల కాదు. నలుగురితో మాట, గడప దాటే కారణం, ఇంటివాళ్ళది కాని గుర్తింపు దాంతో వస్తాయి. గుడియాత్తంలో ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే ఆమెకు కూలి వస్తుంది గానీ, గడప దాటే కారణం రాదు. పక్కింటివాళ్ళంతా ఒక చోట చేరి చుట్టే వీధుల్లో కనీసం మాట దొరుకుతుంది. ఆడవాళ్ళు సంపాదిస్తున్నారు కదా అని సర్దిచెప్పుకునే ముందు ఆ తేడాను గమనించాలి.

ముసలితనం

కణియంబాడిలో 65 ఏళ్ళు దాటిన వెయ్యిమందిని చూసిన అధ్యయనం 2009లో అచ్చయింది. అంతకు ముందు నెల రోజుల్లో కుంగుబాటు ఉన్నవాళ్ళు 12.7 శాతం. తక్కువ ఆదాయం, ఆకలితో ఉండాల్సి రావడం, గుండెజబ్బు, మెదడుకు తాత్కాలికంగా రక్తం అందకపోవడం, తలకు పాత గాయం, మధుమేహం అపాయాన్ని పెంచాయి. మనసు చెప్పుకునే మనుషులు ఎక్కువున్నవాళ్ళలో అపాయం తగ్గింది. వయసు పెరగడం, ఆడవాళ్ళు కావడం వాటంతట అవి ముఖ్య కారణాలుగా తేలలేదు. ముసలితనమన్నాక దిగులు మామూలే అనే మాట తప్పని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? ముసలివాళ్ళను కుంగదీసేది వయసు కాదు, తిండి లేకపోవడం, జబ్బు, ఒంటరితనం.

కుంగుబాటు కారణాల పట్టికలో ఆకలి చేరడం మీద ఒక్క క్షణం ఆగాలి. తమిళనాడులో రేషన్ బియ్యం ఉచితం కావడం 2011 జూన్‌లో, ఈ అధ్యయనం తర్వాత. కానీ బియ్యం ఉంటే సరిపోదు. వండిపెట్టే చెయ్యి కావాలి, పళ్ళు లేని నోటికి నమిలే కూర కావాలి, మధుమేహం ఉన్నవాళ్ళకు వేళకు తిండి కావాలి. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో పనికి వెళ్ళిపోయి, భార్యో భర్తో పోయాక ఒక్కరే మిగిలిన ఇంట్లో పొయ్యి రోజుకొకసారి వెలగడమే గొప్ప. కె.వి.కుప్పంలో రూషా నడిపే వృద్ధుల కేంద్రాలు పగటిపూట కూర్చోవడానికి చోటు, తోడు, మధ్యాహ్న భోజనం ఇస్తాయి. అధ్యయనం చూపిన రెండు కారణాలకు ఒకే పనితో జవాబు చెప్పే ఏర్పాటు ఇది.

ఆత్మహత్యలు చెప్పే సంగతి

కణియంబాడిలో ప్రతి చావునూ నమోదు చేసి, కారణం ఇంటివాళ్ళను అడిగి తెలుసుకుంటారు. 1994-99 మధ్య లెక్క తీస్తే ఏటా లక్షమందికి సగటున 95 ఆత్మహత్యలు తేలాయి. ఆ రోజుల్లో పోలీసు లెక్కల ఆధారంగా దేశం సగటు 10, 11 మధ్య ఉండేది. తొమ్మిది రెట్ల తేడా. 1992-2001 మధ్య 10-19 ఏళ్ళ పిల్లలను మాత్రమే చూసిన మరో అధ్యయనం 2004లో లాన్సెట్‌లో వచ్చింది. లక్షకు అబ్బాయిల్లో 58, అమ్మాయిల్లో 148. ఆ వయసు అమ్మాయిల చావుల్లో సగం నుంచి ముప్పావు వంతు దాకా ఆత్మహత్యలే. వేలూరు మిగతా దేశం కంటే ఘోరమైన చోటని దీనికి అర్థం తీయకూడదు. ఇక్కడ ఎవరో ఓపికగా లెక్కపెట్టారు. మరెన్నో చోట్ల పోలీసు కేసుకు, పరువుకు భయపడి కడుపునొప్పి అనో, ప్రమాదమనో రాసేశారు. 2010లో దేశంలో సుమారు 1,87,000 మంది ఆత్మహత్య చేసుకున్నారని, దక్షిణాది రాష్ట్రాల్లో రేటు ఎక్కువని 2012లో వచ్చిన అంచనా కూడా పోలీసు లెక్క కంటే పెద్దదే.

అయితే ఆత్మహత్యలన్నిటికీ కుంగుబాటు జబ్బే మూలమని ఈ ఊళ్ళు చెప్పడం లేదు. ఆత్మహత్య చేసుకున్న 100 మందిని, బతికున్న 100 మందితో పోల్చిన 2010 నాటి వేలూరు అధ్యయనంలో మానసిక జబ్బు ఉన్నట్టు తేలింది 37 శాతం మందిలోనే. ఆ 100 మందిలో మద్యానికి బానిసలైనవాళ్ళు 16 శాతం, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్ళు 2 శాతం. విడవని కష్టాలు, తీరని నొప్పి, ఒంటరి బతుకు, ఏడాది లోపల తెగిపోయిన బంధం ఎక్కువ ముడిపడ్డాయి. పడమటి దేశాల అధ్యయనాల్లో పదిలో తొమ్మిదిమందికి మానసిక జబ్బు ఉందని చెప్పే లెక్కకు ఇది బాగా దూరం. అందుకే కె.ఎస్.జాకబ్ వంటి వేలూరు మానసిక వైద్యులు ఆత్మహత్యల నివారణను మానసిక వైద్యశాలకు మాత్రమే అప్పగించడం సరిపోదనీ, మొత్తం జనాభాను దృష్టిలో పెట్టుకున్న చర్యలు కావాలనీ వాదించారు. ఆ వాదన సరైనదే. అప్పుతో నలిగిన రైతుకు, పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చే దారి మూసుకుపోయిన అమ్మాయికి మాత్ర ఒక్కటే ఇచ్చి పంపితే వైద్యం సగంలో ఆగినట్టే.

వ్యక్తిగత కారణాలు

సమాజం మీదే అంతా నెట్టడమూ తప్పు. ఒకే వీధిలో, ఒకే కూలితో, ఒకే రకం కష్టం పడ్డ ఇద్దరిలో ఒకరే కుంగిపోతారు. కవలల మీద జరిగిన పరిశోధనలు కుంగుబాటుకు లోనయ్యే స్వభావంలో మూడో వంతుకు కాస్త పైగా వంశపారంపర్యమని చెబుతున్నాయి. చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకోవడం, దెబ్బలు, లైంగిక హింస పెద్దయ్యాక అపాయాన్ని పెంచుతాయి. థైరాయిడ్ లోపం కుంగుబాటులా కనిపించగలదు, రక్తహీనత నీరసాన్ని పెంచుతుంది, కాబట్టి వీటిని పరీక్షించకుండా నిర్ధారించకూడదు. ఒకసారి కుంగుబాటు వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ వచ్చే అవకాశం మామూలువాళ్ళ కంటే ఎక్కువ.

ఏది కారణం, ఏది ఫలితం అన్న చిక్కు కూడా ఉంది. కుంగిన మనిషి పనికి వెళ్ళలేక పేదవాడవుతాడు. పేదరికం మనిషిని కుంగదీస్తుంది. కుంగిన కోడలికి అత్త మాట మరింత కరుకుగా వినిపించవచ్చు. ముసలివాళ్ళ అధ్యయనం లాగా ఒకే సమయంలో అన్నీ అడిగే పద్ధతి ఈ చిక్కును విప్పలేదు. బాలింతల అధ్యయనం కాన్పుకు ముందే మొదలై, తర్వాత కొత్తగా వచ్చిన కుంగుబాటును లెక్కపెట్టింది కాబట్టి అక్కడ కారణం ముందు, జబ్బు వెనుక అని చెప్పడానికి ఎక్కువ బలముంది.

వైద్యం

వేలూరు బాగాయంలో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రం వెనుక డాక్టర్ ఫ్లారెన్స్ నికోల్స్ కృషి ఉంది. రోగిని గోడల వెనుక ఒంటరిగా ఉంచే పద్ధతికి భిన్నంగా, ఇంటివాళ్ళు ఒకరు రోగితోపాటు ఉండి వైద్యంలో పాలుపంచుకోవాలన్నది దాని విధానం. ఇంట్లోనే పుట్టి పెరిగే కారణాలకు ఇంటివాళ్ళు లేకుండా వైద్యం ఎలా? ఈ విధానం కుంగుబాటు విషయంలో మరీ సరిపోతుంది.

కుంగుబాటుకు మందులు పనిచేస్తాయి. ఫ్లూఆక్సెటిన్ లాంటి పాత, చవక మందుల ప్రభావం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో తేడా లేదని మానేసేవాళ్ళూ ఉంటారు. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలి. మాటతో చేసే వైద్యమూ అంతే ముఖ్యం. గోవాలో మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్ళతో 6 నుంచి 8 విడతలు మాట్లాడిస్తే ఫలితం కనిపించిందని 2017లో నిరూపించారు. తమిళనాడులోని ఆరోగ్య కార్యకర్తలకు ఈ పని నేర్పడం అసాధ్యమేమీ కాదు.

1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, 1996లో జిల్లా కార్యక్రమం మొదలయ్యాయి. మానసిక వైద్యాన్ని హక్కుగా గుర్తించిన 2017 నాటి చట్టం 2018 మేలో అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలనీ, శిక్షించకూడదనీ దాని 115వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో ఎవరైనా అలాంటి ప్రయత్నం చేస్తే పోలీసు కేసుకు భయపడి ఆసుపత్రికి ఆలస్యం చేయనక్కర్లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు.